టీ రేటు తగ్గితే సముద్రంలో ఎందుకు పోశారు?

గంటస్తంభం కొట్టు, విజయనగరం (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది గంటస్తంభం దగ్గర టీపొడి, పంచదార హోల్‌సేల్ కొట్టు. మా మేనకోడలు డిగ్రీలో హిస్టరీ తీసుకుంది. పరీక్షలు దగ్గరపడితే కొట్లోనే ఓ మూల కూర్చుని పైకి చదువుతుంది. బేరాల మధ్యలో ఆ పాఠాలు నా చెవిన కూడా పడుతుంటాయి.

ఈ వారం అమెరికా విప్లవం నడుస్తోంది. 1773 డిసెంబర్ 16 రాత్రి బోస్టన్ రేవులో మూడు ఓడలెక్కి 342 పెట్టెల టీ నీళ్ళలో పోశారట. పన్ను పెంచి ఉంటారు, జనానికి మండి ఉంటుంది అనుకుంటాం కదా. తీరా చూస్తే, ఆ ఏడాది ఇంగ్లండ్ చేసిన చట్టం వల్ల టీ అంతకుముందు కంటే చవకయ్యేదని అదే పుస్తకంలో ఉంది. పిల్లని అడిగితే "ప్రాతినిధ్యం లేనిదే పన్ను లేదన్నారు మావయ్యా" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. అంటే, లండన్ పార్లమెంటులో తమ ప్రతినిధి లేనప్పుడు అది వేసే పన్ను కట్టమని. పరీక్షకి సరిపోతుందేమో గానీ నాకు సరిపోలేదు.

కిలోకి పది రూపాయలు తగ్గిందంటే మధ్యాహ్నానికల్లా ఊరంతా తెలిసిపోయే వ్యాపారం మాది. చవక సరుకు వద్దన్న జనాన్ని నేనెక్కడా చూళ్ళేదు. సిద్ధాంతం కోసం వద్దన్నారంటే, చదువుకున్నవాళ్ళు నలుగురు అని ఉంటారు, ఒప్పుకుంటా. రేవులో కూలీలు, చెప్పులు కుట్టేవాళ్ళు, ఇళ్ళలో ఆడవాళ్ళు ఎందుకు ఒప్పుకున్నారు? తెలిసినవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి. ఇంతకీ ఆ టీ అస్సాందేనా?


పలాస బండి

అన్నయ్యా, చివరి ప్రశ్న ఒక్కటీ నాది. అస్సాంలో తోటలు 1830ల్లో గానీ మొదలవలేదు. అది చైనా టీ. 240 పెట్టెలు బోహీ అనే నాసిరకం నల్ల టీ. కంగూ, సూచాంగ్ అని కాస్త మేలు రకాలు కొన్ని. సింగ్లో, హైసన్ అనే గ్రీన్ టీలు కూడా ఉన్నాయి. మనం గ్రీన్ టీ మొన్నమొన్న వచ్చిన ఫ్యాషన్ అనుకుంటున్నాం!

మిగతాదానికి శ్రీకాకుళం రైటర్ గారు వస్తారు. ఆయనొస్తే మనం లైన్లో ఉండక్కర్లేదు, భోంచేసి రావచ్చు.


దస్తావేజు రైటర్, శ్రీకాకుళం

భోంచేసే రండి, నాకు అభ్యంతరం లేదు.

బాబూ, నేను సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాసి పిల్లల్ని చదివించినవాణ్ణి. ఇప్పుడు బల్ల మా అబ్బాయిది, కంప్యూటరూ వాడిదే. నేను పక్కన కూర్చుని సర్వే నంబర్లు, హద్దులు సరిచూస్తాను. అందుకని నీ టీ కథని స్టాంపు దగ్గర మొదలుపెడతాను. టీ దగ్గరే మొదలెడితే తలా తోకా దొరకవు. అప్పటికే ఎనిమిదేళ్ళుగా నలుగుతున్న తగువు అది.

1763లో ఫ్రాన్సుతో ఏడేళ్ళ యుద్ధం ముగిసింది. ఇంగ్లండ్ గెలిచింది. కెనడా చేతికొచ్చింది, అప్పు నెత్తికొచ్చింది. యుద్ధానికి ముందున్న అప్పు దాదాపు రెట్టింపై 13 కోట్ల పౌన్ల దాకా పోయింది. పైగా అమెరికాలో ఓ 10 వేల మంది సైనికుల్ని నిలపాలనుకున్నారు. ఆ ఖర్చులో కొంతైనా అక్కడివాళ్ళు పెట్టుకోవద్దా అన్నాడు ప్రధానమంత్రి జార్జి గ్రెన్‌విల్. లండన్‌లో కూర్చున్నవాడికి ఇందులో అన్యాయం ఏమీ కనపడదు. ఇంగ్లండులో జనం 1694 నుంచే స్టాంపు సుంకం కడుతున్నారు.

1765 మార్చి 22న స్టాంపు చట్టం వచ్చింది. నవంబర్ 1 నుంచి అమలు. పేక దస్తాకి ఒక షిల్లింగు, పాచికల జతకి 10 షిల్లింగులు, పేపర్లో వేసే ప్రతి ప్రకటనకి 2 షిల్లింగులు, డిగ్రీ పట్టాకి 2 పౌన్లు, వకీలు లైసెన్సుకి 10 పౌన్లు. భూమి కాగితాలు, వీలునామాలు, కోర్టు దావాలు, ఓడ సరుకు రసీదులు, చివరికి పంచాంగాలు కూడా ముద్ర పడ్డ కాగితం మీదే ఉండాలి.

ఇక్కడ నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఒక పెద్దమనిషి తెల్లకాగితం మీద రాసుకున్న భాగపరిష్కారం పట్టుకుని మా బల్ల దగ్గరికొచ్చాడు. అన్నదమ్ములందరి సంతకాలూ ఉన్నాయి, ఊరి పెద్దల సాక్షి సంతకాలూ ఉన్నాయి. కోర్టులో పెడితే, స్టాంపు సుంకం, దాని మీద పెనాల్టీ కట్టాకే చూస్తామన్నారట. ఆయన కాగితాన్ని ఇటు తిప్పి అటు తిప్పి, "మా అయ్య సంతకం కనపడుతోంది కదండీ, ఇంకేటి కావాలి?" అని నన్నడిగాడు. నేనేం చెప్తాను? మన దగ్గర ఇప్పటికీ నడుస్తున్నది 1899 నాటి స్టాంపు చట్టమే. స్టాంపు ఖరీదు కట్టలేక ఎవడూ చావడు. కానీ ఆ ముద్ర వేసే అధికారం ఎవరిదైతే, నీ అయ్య సంతకం చెల్లుతుందో లేదో చెప్పేదీ వాళ్ళే.

బోస్టన్‌లో జనానికి గుచ్చుకున్నది అదే. ముద్ర కాగితం లండన్ నుంచి రావాలి. డబ్బు వెండి నాణేల్లో కట్టాలి. ఆ నాణేలకి అక్కడ ఎప్పుడూ కరువే. అంతకు ముందు ఏడాదే, 1764లో, కాలనీలు (అమెరికాలో ఇంగ్లండ్ ఏలుబడిలో ఉన్న ప్రాంతాలు) అచ్చేసుకునే కాగితం డబ్బు అప్పుల చెల్లింపుకి పనికిరాకుండా మరో చట్టం చేశారు. స్టాంపు ఎగ్గొట్టిన కేసుని జ్యూరీ లేని నౌకా కోర్టులో కూడా విచారించవచ్చు. ఇన్నీ చేసి ఎవరి మీద వేశారు ఈ పన్ను? వకీళ్ళ మీద, పేపర్లవాళ్ళ మీద, సారా దుకాణాలవాళ్ళ మీద. ఊళ్ళో నోరున్న ప్రతివాణ్ణీ ఒక్క చట్టంతో కదిలించాడు గ్రెన్‌విల్. ఇంత తెలివితక్కువ పన్ను నేనింకోటి చదవలేదు.

నీ చెప్పులు కుట్టేవాళ్ళ ప్రశ్నకి ఇక్కడే జవాబుంది. ఆగస్టు 14 పొద్దున, బోస్టన్ ఉన్న మసాచుసెట్స్ కాలనీకి స్టాంపుల పంపిణీదారుగా వేసిన ఆండ్రూ ఆలివర్ దిష్టిబొమ్మ ఒక పెద్ద ఎల్మ్ చెట్టుకి వేలాడుతూ కనపడింది. సాయంత్రం దాన్ని ఊరేగించారు. ఊరేగింపు ముందు నడిచింది ఎబెనెజర్ మెకింటాష్, చెప్పులు కుట్టుకునే మనిషి. స్టాంపు ఆఫీసు కోసమే కడుతున్నారని అనుమానం వచ్చిన కొత్త కట్టడాన్ని నేలమట్టం చేశారు. ఆలివర్ మర్నాడే తప్పుకుంటానన్నాడు. 26న లెఫ్టినెంట్ గవర్నర్ థామస్ హచిన్సన్ ఇల్లు తలుపులతో సహా ఊడబీకి దోచేశారు. ఇది చూసి తెర వెనకున్న పెద్దమనుషులకే దడ పుట్టింది. జనాన్ని కదపడం తేలికే, ఆపడమే వాళ్ళకి తెలియలేదు.

నవంబర్ 1 వచ్చేసరికి దాదాపు అన్ని కాలనీల్లో పంపిణీదారులు రాజీనామా చేసేశారు. చట్టం ఉంది, స్టాంపు అమ్మేవాడు లేడు. 1766 మార్చిలో రద్దు చేశారు. కాలనీల్లో దీపాలు పెట్టి పండగ చేసుకున్నారు. అదే రోజు పార్లమెంటు ఇంకో కాగితం కూడా రాసుకుంది. కాలనీల మీద ఏ విషయంలోనైనా చట్టం చేసే హక్కు తమకుందని, డిక్లరేటరీ యాక్ట్. దస్తావేజు రాసేవాడు ముందు చూసేది ఇలాంటి షరతునే. డబ్బు వదిలేశారు, హక్కు అట్టే పెట్టుకున్నారు.

1767లో గాజు, సీసం, రంగులు, కాగితం, టీ మీద సుంకాలేశారు. గొడవైంది. 1770లో టీ తప్ప అన్నీ తీసేశారు. టీ మీద పౌను బరువుకి 3 పెన్నీలు ఎందుకుంచారో ఇప్పుడు నీకు చెప్పక్కర్లేదు.

1773కి ఈస్టిండియా కంపెనీ దివాళా అంచుల్లో ఉంది. గిడ్డంగుల్లో అమ్ముడుపోని టీ కోటీ 70 లక్షల పౌన్ల బరువు. దాన్ని ఇంగ్లండ్ సుంకం మినహాయించి నేరుగా అమెరికా పంపుకోమన్నారు. రేటు డచ్చివాళ్ళ దొంగ టీ కంటే తగ్గిపోతుంది. కానీ ఆ 3 పెన్నీలు మాత్రం అక్కడ రేవులో కట్టాలి. కొంటే జేబుకి లాభమే, కాకపోతే 1766 నాటి ఆ కాగితం మీద నీ చేత్తో నువ్వు సంతకం పెట్టినట్టే. ఇంకోటి, ఈ టీ అందరు వర్తకులకీ ఇవ్వరు, కంపెనీ ఎంచుకున్న ఏజెంట్లకే. బోస్టన్‌లో ఆ ఏజెంట్లలో ఇద్దరు హచిన్సన్ కొడుకులు. అప్పటికి హచిన్సన్ గవర్నరు.

మొదటి ఓడ డార్ట్‌మత్ నవంబర్ 28న వచ్చింది. 20 రోజుల్లో సుంకం కట్టకపోతే కస్టమ్స్‌వాళ్ళు సరుకు జప్తు చేసి దింపేస్తారు. ఓడని వెనక్కి పంపడానికి హచిన్సన్ అనుమతి ఇవ్వలేదు. గడువు ముగియడానికి ముందు రాత్రి డిసెంబర్ 16. అప్పుడు ఆటు సమయం, నీళ్ళు తక్కువ. పోసిన టీ మునగక ఓడ పక్కనే కుప్పలు పడింది. మర్నాడు పొద్దున పడవలేసుకుని తెడ్లతో కొట్టి తడిపారు, ఎవడూ ఎత్తుకెళ్ళి వాడుకోకుండా. ఈ వివరం నీలాంటి సరుకు మనిషికి నచ్చుతుందని రాస్తున్నాను.


గంటస్తంభం కొట్టు

రైటర్ గారూ, దండాలు. ఆ 3 పెన్నీల సంగతి ఇప్పటికి బుర్రకెక్కింది. గవర్నర్ కొడుకులకి ఏజెన్సీ అన్నాక మా బజారు మొత్తానికి అర్థమవుతుంది లెండి.

కానీ ఒక్కటి. బహిష్కరణ, బహిష్కరణ అంటారు. గోడౌన్ నిండా సరుకుండగా రేపట్నుంచి అమ్మకు అంటే ఆ వర్తకుడేమైపోవాలి? అందరూ నోరు మూసుకుని ఒప్పుకున్నారా? ఎదురు తిరిగినవాడు ఒక్కడూ లేడా?


దస్తావేజు రైటర్, శ్రీకాకుళం

ఉన్నాడు. థియోఫిలస్ లిల్లీ అని బోస్టన్‌లో కొట్టువాడు. దిగుమతులు మానేయాలన్న కట్టుబాటుకి లొంగలేదు. 1770 జనవరిలో పేపర్లో రాశాడు కూడా: తమ సమ్మతి లేకుండా చట్టం చేస్తే ఒప్పుకోమనేవాళ్ళు, నా సమ్మతి లేకుండా నా మీద చట్టాలెలా చేస్తున్నారని. నిజం చెప్పాలంటే దానికి బోస్టన్‌లో ఎవరూ సరైన జవాబివ్వలేదు. నేనైతే ఇవ్వలేను.

మాటతో ఇవ్వని జవాబు వీధిలో ఇచ్చారు. ఫిబ్రవరి 22న కుర్రాళ్ళు ఒక కర్ర పాతి, లిల్లీ కొట్టు వైపు చూపించే చెయ్యి బొమ్మ పెట్టారు. ఇతని దగ్గర కొనొద్దని. పొరుగున ఎబెనెజర్ రిచర్డ్‌సన్ అని ఒకడున్నాడు, కస్టమ్స్‌వాళ్ళకి కబుర్లు మోస్తాడని పేరు. ఆ బొమ్మని పడగొట్టమని దారిన పోయే బండివాణ్ణి బతిమాలాడు. వాడు వినలేదు. కుర్రాళ్ళు రిచర్డ్‌సన్‌ని రాళ్ళతో ఇంటిదాకా తరిమారు. అద్దాలు పగిలాయి. అతను కిటికీలోంచి పిట్టల తుపాకీ పేల్చాడు. క్రిస్టఫర్ సైడర్ అని, పదకొండేళ్ళవాడు, చనిపోయాడు. ఆ పిల్లవాడి శవయాత్రకి వేలమంది వచ్చారు.

కూలీల సంగతి అడిగావు. 1768 అక్టోబర్ నుంచి బోస్టన్‌లో సైన్యం ఉంది. సిపాయిలకి జీతాలు చాలక ఖాళీ వేళల్లో తక్కువ కూలికి పనులకొచ్చేవారు. మార్చి 2న తాళ్ళు పేనే ఒక కార్ఖానాలో పని అడగడానికొచ్చిన సిపాయిని పనివాళ్ళు ఎగతాళి చేస్తే అది పెద్ద కొట్లాటయింది. మార్చి 5 రాత్రి కింగ్ స్ట్రీట్‌లో మంచు గడ్డలు, కర్రలు, తిట్లు, చివరికి కాల్పులు. ఐదుగురు పోయారు. వాళ్ళలో ఒకడు క్రిస్పస్ అటక్స్, నల్లజాతి, స్థానిక జాతి రక్తం ఉన్న నావికుడు. సిద్ధాంతం పెద్దల దగ్గర్నుంచి కిందికి దిగిందని పుస్తకాలు రాస్తాయి. రోజు కూలి తగ్గినవాడికి ఎవరూ సిద్ధాంతం దించక్కర్లేదు.

విచిత్రం ఏటంటే, సరిగ్గా ఆ మార్చి 5నే లండన్‌లో అప్పటి ప్రధానమంత్రి లార్డ్ నార్త్, టీ తప్ప మిగతా సుంకాలు ఎత్తేద్దామని పార్లమెంటులో ప్రతిపాదించాడు. కబురు సముద్రం దాటడానికి వారాలు పట్టే రోజులు. ఆ సిపాయిల తరఫున కోర్టులో వాదించింది జాన్ ఆడమ్స్, తర్వాత అమెరికా రెండో అధ్యక్షుడైనాయన. కెప్టెన్ నిర్దోషి అయ్యాడు. ఎనిమిదిమంది సిపాయిల్లో ఇద్దరికే శిక్ష, బొటనవేలి మీద వాత.

ఇక గోడౌన్ సరుకు. 1774 అక్టోబర్‌లో మొదటి కాంటినెంటల్ కాంగ్రెస్, అంటే కాలనీల ప్రతినిధుల సభ, చేసిన ఒప్పందం ప్రకారం డిసెంబర్ 1 నుంచి బ్రిటిష్ సరుకు దిగుమతి బంద్. ఊరూరా కమిటీలు ఎన్నుకున్నారు. ఆ కమిటీ నీ కొట్టుకొచ్చి ఖాతా పుస్తకాలు తిరగేస్తుంది. ఉల్లంఘించావని తేలితే నీ పేరు పేపర్లో వేస్తారు, ఆపైన నీతో ఎవరూ లావాదేవీ పెట్టుకోరు. చరిత్రకారులు తుపాకుల గురించి రాసినంత ఈ కమిటీల గురించి రాయకపోవడం నాకు నచ్చదు. 1775 ఏప్రిల్ 19న లెక్సింగ్టన్‌లో తుపాకులు పేలి యుద్ధం మొదలయ్యేనాటికే గవర్నర్ల మాట చెల్లడం చాలాచోట్ల ఆగిపోయింది. చెల్లుతున్నది కమిటీ మాటే.


పొందూరు నూలు

కొట్టు అన్నయ్య ఇళ్ళలో ఆడవాళ్ళ గురించి అడిగారు, అది ఎవరూ ముట్టుకోలేదు. మాది పొందూరు. మా అమ్మ కొండపత్తిని వాలుగ చేప దవడతో దువ్వి, నూలు వడికిన మనిషి. అందుకని ఈ భాగం నేను ఇష్టంగా చదివాను.

1768 నుంచి 1770 దాకా న్యూ ఇంగ్లండ్ ఊళ్ళలో ఆడవాళ్ళు పాస్టర్ గారింట్లో రాట్నాలతో కూడేవాళ్ళు. పొద్దున్నుంచి వడికి, ఆ నూలు ఆయనకే ఇచ్చేవాళ్ళు. పేపర్లు ఎన్ని నూలు చిలపలు తేలాయో అచ్చేసేవి. 1768లో హార్వర్డ్ పట్టా పుచ్చుకున్న కుర్రాళ్ళు ఇంగ్లండ్ బట్ట మానేసి స్వదేశీ నేత కట్టుకొచ్చారు. 1774 అక్టోబర్ 25న ఉత్తర కరోలినాలో ఈడెన్‌టన్ ఊరి ఆడవాళ్ళు 51 మంది బహిష్కరణకి మద్దతుగా కాగితం మీద సంతకాలు పెట్టారు. లండన్‌లో వాళ్ళ మీద ఎగతాళి కార్టూన్ వేశారు.

అలా వడికిన నూలు దేశానికి చాలిందా అంటే చాలలేదు. ఏడాది పొడుగునా ఒక్క చీరకి నూలు తీయడమెంత పనో చూసిన ఇంట్లో పుట్టాను, నాకెవరూ చెప్పక్కర్లేదు. అయినా ఇంగ్లండ్ నుంచి కాలనీలకొచ్చే సరుకు విలువ 1768తో పోలిస్తే 1769లో మూడో వంతుకి పైగా పడిపోయింది. రాట్నం వల్ల కాదు, కొనడం మానేయడం వల్ల. ఇంట్లో ఏం కొనాలో, ఏం కొనకూడదో తేల్చేది ఎవరో మగవాళ్ళు మర్చిపోతారు.


మూడులాంతర్లు, విజయనగరం

అంతా బోస్టన్, బోస్టన్ అంటున్నారు. ఆ ఏడేళ్ళ యుద్ధం మన దగ్గరా జరిగింది కదండీ. 1758 డిసెంబర్‌లో చందుర్తి దగ్గర మన విజయనగరం రాజు ఆనంద గజపతిరాజు, కంపెనీ కల్నల్ ఫోర్డ్ కలిసి ఫ్రెంచివాళ్ళని ఓడించారు. దాంతో సర్కారు జిల్లాల్లో కంపెనీకి దారి తెరుచుకుంది.

తేదీలు చూడండి. 1765 ఆగస్టు 12న క్లైవ్ మొగల్ చక్రవర్తి షా ఆలం దగ్గర బెంగాల్ దివానీ (శిస్తు వసూలు హక్కు), దాంతోపాటు మన ఉత్తర సర్కార్లకి ఫర్మానా రాయించుకున్నాడు. ఆగస్టు 14న బోస్టన్‌లో దిష్టిబొమ్మ వేలాడింది. రెండు రోజుల తేడా! 1770లో బెంగాల్ కరువులో లక్షల మంది పోయారు. ఆ సంగతి అమెరికాలో తెలుసు. 1773లో టీ ఓడలు రాకముందే పెన్సిల్వేనియా వకీలు జాన్ డికిన్సన్ 'రస్టికస్' అనే పేరుతో లేఖ అచ్చేశాడు, ఆసియాలో జనాన్ని మాడ్చి చంపిన కంపెనీ ఇప్పుడు మన మీదకొస్తోందని. అంటే మనవాళ్ళ చావులు కూడా ఆ కోపంలో ఉన్నాయి.

మరి మన పద్మనాభం యుద్ధం? కంపెనీవాళ్ళు పేష్కష్ (కప్పం) పెంచారు, సైన్యాన్ని వదులుకోమన్నారు, బకాయిల పేరు చెప్పి జమీందారీ లాక్కుని మచిలీపట్నం పొమ్మన్నారు. విజయనగరం రాజు చిన విజయరామరాజు పోలేదు. 1794 జూలై 10 తెల్లవారుజామున కంపెనీ కల్నల్ ప్రెండర్‌గాస్ట్ సేన మీద పడింది, రాజుగారు ప్రాణాలు విడిచారు. పన్ను మీద తిరుగుబాటు మనకీ ఉంది. అమెరికా గెలిచింది, మనం ఓడాం, అంతే తేడా.


దస్తావేజు రైటర్, శ్రీకాకుళం

మూడులాంతర్లు గారూ, డికిన్సన్ లేఖ సంగతి తెచ్చారు, సంతోషం. 'అంతే తేడా' దగ్గర మాత్రం మీతో రాలేను.

వర్జీనియాలో 1619 నుంచే ఎన్నికైన సభ ఉంది. మిగతా కాలనీల్లోనూ అలాంటి సభలే పన్నులు వేసేవి, చాలాచోట్ల గవర్నర్ జీతం కూడా వాటి చేతుల్లోనే. నూట యాభై ఏళ్ళుగా తమ దగ్గరున్న అధికారాన్ని లండన్ లాక్కుంటోందని వాళ్ళ గొడవ. మన దగ్గర నిజాంకి కట్టినా, ఫ్రెంచివాళ్ళకి కట్టినా, కంపెనీకి కట్టినా రైతుని అడిగినవాడు లేడు. రాజుగారి ధైర్యాన్ని నేను తక్కువ చెయ్యను. పద్మనాభంలో ఆయనతోపాటు నిలబడి చచ్చిపోయినవాళ్ళనీ తక్కువ చెయ్యను. కానీ ఆ పోరు ఒక సంస్థానం ఒంటరిగా చేసింది, పొద్దెక్కేలోపు అయిపోయింది.

చుట్టుపక్కలవాళ్ళు ఎందుకు రాలేదంటారా? 1757లో బొబ్బిలి మీదకి ఫ్రెంచి సేనాని బుస్సీని తీసుకొచ్చిన విజయనగరం ఇల్లే, 1758లో ఫ్రెంచివాళ్ళ మీదకి ఇంగ్లీషువాళ్ళని తీసుకొచ్చింది. ఆ జ్ఞాపకాలు అంత తొందరగా పోతాయా? అటు చూడండి. టీ పోసినందుకు శిక్షగా 1774 జూన్ 1 నుంచి బోస్టన్ రేవు మూసేశారు. మసాచుసెట్స్ సభ అధికారాలు కోసేశారు. ఇది చూసి మిగతావాళ్ళు భయపడి తప్పుకుంటారని లండన్ లెక్క. దక్షిణ కరోలినా బియ్యం పంపింది, కనెక్టికట్ గొర్రెల్ని తోలింది. సెప్టెంబర్ 5న 12 కాలనీలు ఫిలడెల్ఫియాలో ఒక హాల్లో ఆ కాంటినెంటల్ కాంగ్రెస్‌కి కూర్చున్నాయి. వాళ్ళకి ఒకరంటే ఒకరికి ప్రేమేమీ లేదు. సరిహద్దు తగాదాలు బోలెడు. బోస్టన్‌కి జరిగింది రేపు మనకి జరుగుతుందన్న భయం ఒక్కటే వాళ్ళని కలిపింది.


బొబ్బిలి వీణ

అన్నీ బాగున్నాయి, ఒక్క మాట ఎవరూ అనలేదు. ఆ 13 కాలనీల్లో 25 లక్షల జనాభా ఉంటే ఇంచుమించు 5 లక్షల మంది బానిసలు. 'పార్లమెంటు మమ్మల్ని బానిసల్ని చేస్తోంది' అని కరపత్రాలేసిన పెద్దమనుషుల పొగాకు తోటల్లోనే ఆ మనుషులున్నారు. 1775 నవంబర్‌లో వర్జీనియా గవర్నర్ డన్‌మోర్, తిరుగుబాటుదార్ల బానిసలు పారిపోయి వచ్చి మా పక్క పోరాడితే విముక్తి ఇస్తామని ప్రకటిస్తే వందలమంది వెళ్ళారు. వాళ్ళ లెక్కలో స్వేచ్ఛ ఎటువైపుంది మరి?

1763లో ఇంగ్లండ్ రాజు, కొండల అవతల భూములు స్థానిక జాతులవి, అటు పోవద్దని గీత గీస్తే దాని మీద మండిపడినవాళ్ళలో భూముల బేరగాళ్ళే ఎక్కువ. రైటర్ గారికి భూముల బేరగాళ్ళ గురించి నేను చెప్పాలా?


దస్తావేజు రైటర్, శ్రీకాకుళం

అక్కర్లేదమ్మా. జార్జి వాషింగ్టన్ కూడా ఆ అవతలి భూముల మీద డబ్బు పెట్టినవాడే. మీరన్న దాంట్లో కాదనడానికి ఏమీ లేదు. కొట్టు బాబు ప్రశ్న జనం ఎందుకు కదిలారని, అందుకే నేను కదిలినవాళ్ళ గురించే రాశాను. కదలకుండా రాజు పక్షాన నిలబడి, యుద్ధం అయ్యాక పదుల వేలల్లో కెనడాకీ ఇంగ్లండుకీ పోయినవాళ్ళ కథ ఇంకోటుంది, అది ఇంకోసారి.


గంటస్తంభం కొట్టు

నమస్తే తాతగారూ, నేను కొట్టు మావయ్య మేనకోడల్ని, ఆయన ఫోన్లోంచే రాస్తున్నా. ఫిలడెల్ఫియాకి 12 కాలనీలే వచ్చాయన్నారు. మా పుస్తకంలో కూడా 12 అనే ఉంది, కారణం లేదు. జార్జియా ఎందుకు రాలేదు?


దస్తావేజు రైటర్, శ్రీకాకుళం

మంచి ప్రశ్న తల్లీ. జార్జియా జనాభాలో అన్నిటికంటే చిన్న కాలనీ, కొత్తది కూడా. 1774లో సరిహద్దులో క్రీక్ అనే స్థానిక జాతివాళ్ళతో గొడవలు ముదిరి యుద్ధమొస్తుందని భయంగా ఉంది. అది వస్తే ఇంగ్లండ్ సైన్యం తప్ప దిక్కు లేదు. పైగా అక్కడి గవర్నర్ జేమ్స్ రైట్ గట్టివాడు. 1765లో 13 కాలనీల్లోనూ కొన్నైనా స్టాంపులు అమ్మించగలిగింది ఆయనొక్కడే. మరుసటేడు జార్జియా కూడా కాంగ్రెస్‌లో చేరింది. 1776 జనవరిలో తిరుగుబాటుదార్లు రైట్‌ని ఆయన ఇంట్లోనే నిర్బంధిస్తే, తప్పించుకుని బ్రిటిష్ యుద్ధనౌక ఎక్కాడు.